ఐదింటికి లేవక్కర్లేదు, ముందు ఆ ఫోన్‌ని పక్కగదిలో పెట్టండి

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. ఉద్యోగం చేస్తాను, తొమ్మిదిన్నరకి ఆఫీసులో ఉండాలి. ఆరేళ్ల పాప, ఎనిమిదింటికల్లా బడికి బయలుదేరాలి. పొద్దున్నే లేచి ఒక పద్ధతిగా రోజు మొదలుపెట్టాలని ఈ ఏడాదిలో మూడుసార్లు ప్రయత్నించాను. ఐదింటికి లేవడం, 20 నిమిషాలు ధ్యానం, అరగంట వ్యాయామం, 10 నిమిషాలు డైరీ, 20 నిమిషాలు పుస్తకం, 10 నిమిషాలు ఆ రోజు ప్లాన్ రాసుకోవడం, ఆ తర్వాత చన్నీళ్ల స్నానం. మొదటిసారి ఆరు రోజులు నడిచింది, రెండోసారి నాలుగు, మూడోసారి రెండే రోజులు. ఇప్పుడు ఐదుకి, ఐదుంపావుకి, ఐదున్నరకి మూడు అలారాలు మోగుతాయి. అన్నీ ఆపేసి ఆరూ యాభైకి ఉలిక్కిపడి లేస్తాను. అక్కడి నుంచి ఉరుకులు పరుగులే. పాప మీద అరుస్తాను, ఆఫీసుకి వెళ్లే దారంతా బాధపడతాను. వెళ్లాక పదకొండున్నర దాకా మెయిళ్లు, మెసేజ్‌లతోనే సరిపోతుంది, అసలు పని మధ్యాహ్నం గానీ మొదలవదు. రాత్రి పడుకునేసరికి పన్నెండున్నర. పాప నిద్రపోయాక నాకంటూ మిగిలేది ఆ టైం ఒక్కటే, అది కూడా ఫోన్ చూస్తూ గడిచిపోతుంది. మావారు ఏడున్నరకి లేస్తారు. పెళ్లికి ముందు బొమ్మలు వేసేదాన్ని, అప్పట్లో అలారం లేకుండానే మెలకువ వచ్చేది. ఇప్పుడు ఏమైందో తెలియదు. నేను బద్ధకస్తురాలినా? ఆదివారమైనా కంటినిండా నిద్రపోవచ్చా, లేక అదీ తప్పేనా?

సమాధానం: మీరు బద్ధకస్తులు కాదమ్మా. ఓదార్చడానికి అంటున్న మాట కాదు, మీరే రాసిన అంకెలు ముందు పెట్టుకుని లెక్క వేసి చెబుతున్నాను. పన్నెండున్నరకి పడుకుని ఐదింటికి లేవాలంటే దొరికే నిద్ర నాలుగున్నర గంటలు. పెద్దవాళ్లకి రోజూ కనీసం 7 గంటల నిద్ర ఉండాలని అమెరికాలో నిద్ర మీద పనిచేసే రెండు పెద్ద వైద్య, పరిశోధన సంఘాలు 2015లో కలిసి చెప్పాయి. అందులోంచి రెండున్నర గంటలు కోసేసుకుని, ఆ పైన వ్యాయామం చేసి చన్నీళ్లు పోసుకుంటూ ఆరు రోజులు నిలబడ్డారు మీరు. అది మొండి ఓపిక. ఏడో రోజున మీ ఒంటికి బాకీ గుర్తొచ్చింది, అంతే జరిగింది. రెండోసారి నాలుగు రోజులకే, మూడోసారి రెండు రోజులకే ఎందుకు ఆగిపోయిందంటే, పాత బాకీ తీరకుండానే మళ్లీ మొదలుపెట్టారు కాబట్టి.

రెండో లెక్క కూడా చూడండి. ధ్యానం 20, వ్యాయామం 30, డైరీ 10, పుస్తకం 20, ప్లాన్ 10, స్నానం ఒక 10 అనుకుందాం. మొత్తం 100 నిమిషాలు, అంటే గంటా నలభై నిమిషాలు. ఆరేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో, ఉద్యోగానికి వెళ్లే మనిషికి, రోజూ పొద్దున గంటా నలభై నిమిషాలు ఎవరూ కదిలించకుండా దొరుకుతాయా? ఆ జాబితాలో ఉన్న పని దేనికదే మంచిదే, నేను కాదనను. కానీ అవన్నీ ఒకే మనిషి ఒకే పొద్దుటిపూట చేయడం అనేది మరొకరి జీవితానికి కుట్టిన చొక్కా. బహుశా ఇంట్లో పాప తలదువ్వడానికి, సంచి సర్దడానికి వేరే ఎవరో ఉన్నవాళ్లది. మీకు పట్టలేదని మీ ఒంటిని తిట్టుకుంటున్నారు.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం దగ్గరికి వస్తాను. "నాకంటూ మిగిలేది ఆ టైం ఒక్కటే" అన్నారు చూశారా, అసలు విషయమంతా అక్కడుంది. రోజంతా ఆఫీసు మిమ్మల్ని వాడుకుంది, సాయంత్రం ఇల్లు వాడుకుంది, పదిన్నరకి పాప నిద్రపోయిందనుకుందాం, అప్పుడు ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమై ఎవరూ ఏమీ అడగని రెండు గంటలు మీ ముందు కనిపించాయి. వాటిని నిద్రకి ఇచ్చేయడానికి మనసు రాదు. నిద్రపోతే కళ్లు మూసి తెరిచేలోపు మళ్లీ పరుగే కదా, అందుకని ఎంత నిద్ర వస్తున్నా పట్టుకుని కూర్చుంటారు. ఇలాంటప్పుడు "తొందరగా పడుకో" అని చెప్పడం చాలా తేలిక, అది ఎవరికీ పనిచేయదు కూడా, ఎందుకంటే ఉన్న ఒక్క సొంత టైమూ తీసేసుకోమని చెప్పినట్టు అవుతుంది. నేను తీసేయమనడం లేదు. అందులో కొంత రాత్రి చివర నుంచి తీసి పొద్దున మొదట్లో పెట్టుకోమంటున్నాను. రాత్రి పన్నెండింటప్పుడు మీకు మిగిలేది మీలో అడుగున ఉన్న చివరి చుక్క ఓపిక, దానితో ఫోన్ చూడటం తప్ప ఇంకేం చేయగలరు? అదే అరగంట నిద్రపోయి లేచిన మనిషికి ఇస్తే ఒక బొమ్మ అవుతుంది.

అవును, బొమ్మలే. నేను చెప్పబోయే దినచర్యలో పొద్దున మీ కోసం ఉండే పని అదొక్కటే. ధ్యానం, డైరీ, పుస్తకం, చన్నీళ్లు, అన్నీ ప్రస్తుతానికి పక్కన పెట్టేయండి. అవి మిమ్మల్ని మీరు సరిచేసుకోవడానికి పెట్టుకున్న పనులు, నిద్రలో ఉన్న మనిషిని సరిదిద్దుతానంటే లేవదు. లేవడానికి ఒక ఇష్టం కావాలి. అప్పట్లో అలారం లేకుండా మెలకువ వచ్చేదని మీరే రాశారు. అప్పుడు వయసు చిన్నది, బాధ్యతలు తక్కువ, నిద్ర ఎక్కువ, నిజమే, కానీ సగం వేసి ఆపిన బొమ్మ బల్ల మీద ఉండేది కదా, దాని పాత్ర కూడా తక్కువేం కాదు.

టైం చెబుతాను. లేవడం ఆరుంపావుకి. ఐదు వద్దు, ఐదున్నర కూడా వద్దు. పాప ఏడింటికి లేస్తుందనుకుంటే మీ చేతిలో 45 నిమిషాలు ఉంటాయి. అందులో మొదటి 20 నిమిషాలు మీవి, మిగతా 25 ఇంటివి. నిద్ర పట్టేసరికి పదకొండుంపావు అయితే సరిగ్గా ఏడు గంటలు వస్తాయి. పన్నెండున్నర నుంచి పదకొండుంపావుకి ఒక్కరోజులో దూకొద్దు, దూకితే చీకట్లో కళ్లు తెరుచుకుని పడుకుని ఇంకా టెన్షన్ పడతారు. మూడు రోజులకోసారి ఒక పావుగంట ముందుకి జరపండి, పదిహేను రోజుల్లో చేరుకుంటారు. పాప పడుకున్నాక పదిన్నర నుంచి అరగంట ఫోనో, సీరియలో, మీ ఇష్టం, అది మీదే, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

ఇక ఆ మూడు అలారాల సంగతి. నిద్రలేచిన వెంటనే మెదడు పూర్తిగా లేవదు. కళ్లు తెరుచుకుంటాయి, కాళ్లు నడుస్తాయి, కానీ ఆలోచన, నిర్ణయం తీసుకునే భాగం మామూలు స్థితికి రావడానికి చాలామందికి 15 నుంచి 30 నిమిషాలు పడుతుంది, నిద్ర చాలని వాళ్లకి ఇంకా ఎక్కువ. నిద్ర మత్తు అని మనం ఊరికే అనే మాట వెనక ఉన్నది ఇదే. ఆ మత్తులో మిమ్మల్ని మీరు ఐదింటికి ఒక ప్రశ్న అడుగుతున్నారు, లేవనా వద్దా అని. జవాబు ప్రతిసారీ ఒకటే వస్తుంది, ఎందుకంటే జవాబిచ్చేది మీరు కాదు, మత్తు. మళ్లీ ఐదుంపావుకి అదే ప్రశ్న, ఐదున్నరకి మళ్లీ. ఐదు నుంచి ఆరూ యాభై దాకా దాదాపు రెండు గంటలు ముక్కలు ముక్కలుగా పాడయ్యాక, చివరికి భయంతో లేస్తున్నారు. ఆరుంపావుకి ఒక్కటే అలారం పెట్టుకుంటే ఆ ముక్కల నిద్ర అంతా ఒకే ముక్కగా మీకు తిరిగి వస్తుంది. ఈ చిన్న మార్పుకే మీకు తేడా తెలుస్తుంది.

అలారం ఫోన్‌లో మాత్రం వద్దు. మీ పొద్దుటిపూట ఎలా ఉంటుందో నేను చూడకపోయినా కొంత ఊహించగలను, నేనూ అలా చాలా ఏళ్లు గడిపాను కాబట్టి. చీకట్లో చెయ్యి దిండు కింద తడుముతుంది. అలారం ఆపడానికే పట్టుకున్న ఫోన్, ఆపిన బొటనవేలు అక్కడే ఉంటుంది, పైన ఎర్ర చుక్క మీద 14 అని కనిపిస్తుంది. ఒకటి తెరిస్తే ఆఫీసు వాళ్లు రాత్రి పదకొండింటికి పంపిన మెసేజ్. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. దాన్నుంచి తప్పించుకోవడానికి ఇంకోటి తెరుస్తాం, అక్కడ ఎవరిదో ఊరి ప్రయాణం, ఎవరిదో పెళ్లిరోజు, ఎక్కడో ప్రమాదం. పక్కకి తిరిగి పడుకుని, ఒక చెయ్యి తిమ్మిరెక్కేదాకా చూస్తూనే ఉంటాం. మంచం దిగకముందే మనసు పదిమంది ఇళ్లు తిరిగి వచ్చి అలిసిపోతుంది. ఆ తర్వాత పాప చెప్పు దొరకలేదంటే కోపం రాక ఏం చేస్తుంది?

అందుకని ఒక మామూలు అలారం గడియారం కొనుక్కోండి, చిన్నది, శబ్దం కాస్త కటువుగా ఉండేది. మంచం మీద నుంచి చెయ్యి అందని చోట పెట్టండి. ఫోన్ ఛార్జరుని ఈ రోజే పడకగదిలోంచి తీసేసి పక్కగదిలో పెట్టండి. రాత్రి అత్యవసరంగా ఎవరైనా ఫోన్ చేస్తారన్న బెంగ ఉంటే రింగ్ పెద్దగా పెట్టుకోండి, పక్కగదిలో మోగితే వినబడుతుంది. పొద్దున మొదటి 20 నిమిషాలు దాన్ని ముట్టుకోకూడదు. ఈ ఒక్క నియమం విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను, మిగతా వాటిలో మీకు తోచినట్టు మార్చుకోండి.

లేచాక ఏం చేయాలో కూడా మత్తులో ఉన్నప్పుడు ఆలోచించొద్దు, ముందే తీర్మానించి పెట్టుకోండి. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో ఒక వ్యాసంలో చాలా ఉపయోగపడే సంగతి చెప్పారు: "నేను ఈ పని చేస్తాను" అని గట్టిగా అనుకోవడం కంటే "ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తాను" అని ముడిపెట్టుకున్నప్పుడు ఆ పని జరిగే అవకాశం ఎక్కువ. మీకు ముడి ఇలా వేయొచ్చు. అలారం ఆపగానే కిటికీ తెర తీస్తాను. తెర తీయగానే మొహం కడుక్కుంటాను. మొహం కడుక్కోగానే కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటాను, బొమ్మల పుస్తకం అప్పటికే దాని మీద తెరిచి ఉంటుంది, పెన్సిల్ చెక్కి ఉంటుంది. ఇందులో ఎక్కడా ఆలోచించే పని లేదు, ఒకటి రెండోదాన్ని లాక్కొస్తుంది. కాఫీ అలవాటుంటే మొహం కడుక్కున్నాక పెట్టుకోండి, కుర్చీ దగ్గరికి తెచ్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మధ్యాహ్నం మూడు దాటాక మాత్రం మానేయండి, తాగిన కాఫీలోని కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, రాత్రి పదకొండుకి నిద్ర పట్టకపోవడానికి సాయంత్రం కప్పు చాలు.

కిటికీ అని ఊరికే అనలేదు. ఒంట్లో ఒక గడియారం ఉంటుంది, దాదాపు 24 గంటల లెక్కతో నిద్రనీ మెలకువనీ నడిపిస్తుంది. అది కణాల్లో ఎలా పనిచేస్తుందో కనిపెట్టినందుకే 2017లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకి ఇచ్చారు. ఆ గడియారాన్ని రోజూ సరిచేసే చెయ్యి వెలుగు. పొద్దున కంటికి వెలుగు తగిలితే అది ముందుకి జరిగి రాత్రి నిద్ర కూడా ముందే వస్తుంది, రాత్రి పొద్దుపోయేదాకా ప్రకాశవంతమైన వెలుగులో ఉంటే వెనక్కి జరుగుతుంది. వెలుగుని లక్స్‌లలో కొలుస్తారు; ఇంట్లో లైట్ల వెలుగు మామూలుగా కొన్ని వందల లక్స్‌కి మించదు, బయట పూర్తిగా తెల్లవారాక మబ్బు పట్టి ఉన్నా వేల లక్స్ ఉంటుంది. ఎంత తేడానో చూడండి. అంటే పదకొండింటికి నిద్ర పట్టడానికి మీరు చేయగలిగిన మంచి పని పొద్దున ఆరున్నరకి కిటికీ దగ్గర కూర్చోవడం. వీలైతే కిటికీ తెరిచే కూర్చోండి, అద్దం కొంత వెలుగు మింగేస్తుంది. ఆ టైంకి చీకటిగా ఉండే కాలమైతే గదిలో లైట్లన్నీ వేసుకుని కూర్చుని, పాపని పంపేటప్పుడు ఒక పది నిమిషాలు ఆరుబయట నిలబడండి.

ఇక రాత్రి పది నిమిషాలు. దీన్ని నేను పొద్దుటి దినచర్యలో మొదటి భాగం అనే అంటాను. పదిన్నరకి ఫోన్ చేతిలోకి తీసుకునే ముందు, నిలబడే, ఈ పనులు చేసేయండి: పాప బడిసంచి సర్ది తలుపు దగ్గర పెట్టడం, నీళ్ల సీసా దాని పక్కన, చెప్పులు జతగా ఆ కిందే, రెండు సాక్సులూ వాటిలోనే. మీ ఇద్దరి బట్టలూ కుర్చీ వీపు మీద, లోదుస్తులతో సహా. మీ తాళంచెవులు, ఆఫీసు కార్డు ఒకే గిన్నెలో. పొద్దున మీరు అరిచే అరుపుల్లో సగం ఒక సాక్సు గురించే అయి ఉంటాయి, నిజం చెప్పండి. ఇది పాపతో కలిసి తొమ్మిదింటికే చేయగలిగితే ఇంకా మంచిది, ఆరేళ్ల పిల్లలకి ఈ పని ఆటలా ఉంటుంది, తను పెట్టిన చెప్పులు తనకి గుర్తుంటాయి కూడా.

తర్వాత ఒక కాగితం తీసుకుని రేపు చేయాల్సిన పనులు ఐదు నిమిషాలు రాయండి. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్కల్లిన్, ఆయన సహచరులు 57 మందితో చేసిన ఒక ప్రయోగం 2018లో అచ్చయింది. పడుకునే ముందు సగం మంది రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు రాశారు, సగం మంది అప్పటికే పూర్తిచేసిన పనులు రాశారు. చేయాల్సినవి రాసినవాళ్లు సగటున 9 నిమిషాలు ముందు నిద్రపోయారు. చిన్న ప్రయోగమే, అయినా నా అనుభవంతో సరిపోయింది కాబట్టి చెబుతున్నాను. తలలో పెట్టుకున్న పని మాటిమాటికీ తలుపు కొడుతుంది, కాగితం మీద పెట్టిన పని రేపటిదాకా ఆగుతుంది. రాశాక ఒకదాని చుట్టూ గీత గీయండి, అది రేపు ఆఫీసులో మీ మొదటి పని. ఒక్కటే.

అది ఎందుకంటే, మీ అసలు నష్టం ఇంట్లో కాదు, తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర మధ్య జరుగుతోంది. రెండు గంటలు. వారానికి ఐదు రోజులు అనుకుంటే పది గంటలు. ఐదింటికి లేచి ధ్యానం చేసి వచ్చి మెయిల్ తెరిచే మనిషి కంటే, ఏడింటికి లేచి కుర్చీలో కూర్చోగానే అసలు పని మొదలుపెట్టే మనిషికే సాయంత్రానికి ఎక్కువ పని అవుతుందని నేను గట్టిగా నమ్ముతాను. మెయిల్ తెరిచి చూసి మూసేసినా సరే, అందులోని విషయం తలలో కొంత మిగిలిపోయి తర్వాతి పని మీద దృష్టి తగ్గుతుంది. పనుల మధ్య మారినప్పుడు ఇలా మిగిలే ధ్యాస గురించి సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో రాశారు. కాబట్టి రోజూ ఆఫీసుకి వెళ్లగానే 45 నిమిషాలు మెయిల్ తెరవొద్దు. రాత్రి గీత గీసిన ఆ ఒక్క పని తెరిచి కూర్చోండి. పదింబావు దాకా మీ జవాబు రాకపోతే కూలిపోయే పనులు నిజంగా ఎన్ని ఉంటాయో ఒక వారం గమనించండి. మీ ఉద్యోగంలో అలా కుదరదంటే పై అధికారితో ముందే ఒక మాట అనండి, "పదింబావు దాకా ఫలానా రిపోర్టు మీద ఉంటాను, అర్జెంటైతే ఫోన్ చేయండి" అని. ఇలా చెబితే కాదనేవాళ్లు తక్కువ.

మీవారి విషయం మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు, ఫిర్యాదు కూడా చేయలేదు. నేను మాత్రం వదలలేను. మీరు ఐదింటికి లేవాలి అనుకుంటున్నారు, ఆయన ఏడున్నరకి లేస్తున్నారు, పాప మాత్రం ఇద్దరిదీ. ఆయన రాత్రి షిఫ్టు చేసి వస్తున్నారేమో నాకు తెలియదు, అలాగైతే వేరే మాట. అదేం లేకపోతే వారంలో మూడు రోజులు ఆయన ఆరూ నలభై ఐదుకి లేచి పాపని తయారుచేయాలి. లేపడం, స్నానం, తల, బట్టలు, సంచి భుజాన వేయడం దాకా మొత్తం. మీరు పక్కన నిలబడి సలహాలు ఇవ్వకూడదు. జడ వంకరగా వేస్తే వంకర జడతోనే బడికి వెళ్లనివ్వండి. ఇది ఆయన్ని "కాస్త సాయం చేస్తారా" అని అడగొద్దు, సాయం అంటే పని మీది, దయ ఆయనది అని అర్థం వస్తుంది. కోపంలో ఉన్న పొద్దున కూడా ఎత్తొద్దు. శనివారం సాయంత్రం ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు నాకు రాసినట్టే చెప్పండి: "పొద్దున నేను పాప మీద అరుస్తున్నాను, నాకది నచ్చడం లేదు. సోమ, బుధ, శుక్రవారాలు పాప పని మీది, మిగతా రోజులు నాది." చాలామంది మగవాళ్లకి ఆ గంటలో ఇంట్లో ఏం జరుగుతుందో నిజంగా తెలియదు, అప్పుడు నిద్రలో ఉంటారు కాబట్టి. వారం రోజులు చేస్తే తెలుస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట, మీరు మూడుసార్లు ఆగిపోయిన తీరు చూసి చెబుతున్నాను. మీరు దినచర్యని మీ మంచి రోజుకి తయారుచేసుకుంటున్నారు. ఒంట్లో ఓపికగా ఉండి, పాప హాయిగా నిద్రపోతూ, ఆఫీసులో గొడవలేమీ లేని రోజుకి. అలాంటి రోజులు నెలకి ఎన్ని? మీకు కావాల్సింది పాపకి రాత్రంతా జ్వరమైన మర్నాడు కూడా చేయగలిగేది. నాకు ఇది మా అమ్మ మంచాన పడ్డ రోజుల్లో తెలిసింది. అంతకుముందు నోటుపుస్తకంలో గళ్లు గీసుకుని రోజుకి ఎనిమిది పనులకి టిక్కులు పెట్టుకునేదాన్ని. అమ్మకి బాగోలేక మూడు రోజులు గళ్లు ఖాళీగా ఉండిపోయాయి, నాలుగో రోజు ఆ పేజీ చూడలేక పుస్తకం మూసేశాను, మళ్లీ తెరిచింది ఎనిమిది నెలల తర్వాత. ఎనిమిది నెలలు పోగొట్టింది ఆ మూడు ఖాళీ రోజులు కాదు, అవి పాడైపోయాయని నేను అనుకోవడం. తెరిచాక ఒకటే గడి గీశాను, రాత్రంతా అమ్మ దగ్గర మేలుకున్నా చేయగలిగిన పని పెట్టుకున్నాను, బయటికి వచ్చి అరుగు మీద మూడు నిమిషాలు కూర్చోవడం. అది ఇప్పటికీ ఉంది.

మీకు కూడా మూడు నిమిషాల రూపం ఒకటి ఉండాలి. జ్వరాల రోజు, ప్రయాణం రోజు, రాత్రి రెండింటికి పడుకున్న రోజు, కిటికీ తెర తీసి బొమ్మల పుస్తకంలో ఒక్క గీత గీసి తారీఖు వేయండి. ఆ రోజుకి అయిపోయినట్టే, నిజంగానే అయిపోయినట్టు. అది కూడా కుదరకపోతే మర్నాడు మామూలుగా మొదలుపెట్టండి, మొదటి రోజు అని లెక్క తిరగేయొద్దు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది కొత్త అలవాట్లని 12 వారాలు గమనించింది, ఆ ఫలితాలు 2010లో వచ్చాయి. అలవాటు ఆలోచించకుండా జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, కానీ మనిషికీ మనిషికీ అంచనా 18 నుంచి 254 దాకా ఉంది. మధ్యలో ఒకరోజు తప్పితే పెద్దగా తేడా ఏమీ రాలేదు. అందరూ చెప్పే 21 రోజుల మాట ఎక్కడ పుట్టిందంటే, మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, శస్త్రచికిత్స తర్వాత రోగులు తమ కొత్త ముఖానికి అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశారు. "కనీసం" అన్న మాట దారిలో ఎక్కడో జారిపోయింది. మీరు ఆరు రోజులు, నాలుగు రోజులు అని బాధపడుతున్నారు, రెండు నెలలు దాటినా ఇంకా కష్టంగానే ఉంటే అది కూడా మామూలే.

వ్యాయామం సంగతి అడుగుతారేమో. సాయంత్రమో, మధ్యాహ్నం ఆఫీసు చుట్టూ ఒక పావుగంట నడకో చాలు ఇప్పటికి. పొద్దునే చేయాలన్న నియమం లేదు. బొమ్మల 20 నిమిషాలు రెండు నెలలు నిలబడ్డాక, కావాలనిపిస్తే అప్పుడు ఇంకొకటి చేర్చుకోండి, అది కూడా ఒక్కటే. ఇంకో మాట, ఏడు గంటలు నిద్రపోతూ కూడా మూడు నాలుగు వారాల తర్వాత పొద్దున లేవలేనంత నీరసం ఉంటే డాక్టరుకి చూపించుకోండి. రక్తహీనత, థైరాయిడ్ తేడాలు, నిద్రలో ఊపిరి ఆగుతూ ఉండటం, మనసు కుంగిపోయి ఉండటం, ఇవన్నీ అచ్చం బద్ధకంలాగే కనిపిస్తాయి, వీటికి అలారం మందు కాదు.

ఇక ఆదివారం. నిద్రపోండి, తప్పేం లేదు, కానీ ఏడుంపావు దాకానే. మామూలు టైంకి గంట అటూ ఇటూ అయితే ఒంట్లో గడియారం తట్టుకుంటుంది, పదింటిదాకా పడుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టదు, సోమవారం పొద్దున మళ్లీ దూరదేశం నుంచి దిగినట్టు ఉంటుంది. ఇంకా చాలకపోతే మధ్యాహ్నం మూడు లోపు ఒక 20 నిమిషాలు కునుకు తీయండి, అలారం పెట్టుకునే తీయండి. ఆదివారం పొద్దున పాప ముందే లేస్తే వాళ్ల నాన్న చూసుకుంటారని శనివారం రాత్రే చెప్పి పడుకోండి.